పదిమంది కూడితేనే

ముంబై మసీదు బందరు స్టేషను దగ్గర శామ్యూల్ వీధిలో యూదుల ప్రార్థనా మందిరం ఒకటి ఉన్నది. పేరు షారే రహమీం, అనగా కరుణాద్వారం. 1796లో కట్టినారు, 1996తో రెండు వందల యేండ్లు నిండినవి. ఆ పక్కవారికి అది జునీ మసీదు, మన షోలాపురంలో పాత స్పిన్నింగు మిల్లు జునీ మిల్లు అయినట్లు.

కట్టించినవాడు శామ్యూల్ ఎజికియేల్ దివేకర్, కంపెనీ సైన్యంలో పనిచేసినవాడు. టిప్పు సుల్తాను చెర నుండి ప్రాణాలతో బయటపడి మొక్కు తీర్చుకొన్నాడని చెప్తారు.

మగ్గాలవాళ్ళం, ఆ గొడవ మనకెందుకు అనవచ్చు. వారూ మనవలె చేతివృత్తివారే. కొంకణంలో నూనె గానుగలు ఆడించి బ్రతికినారు, మరాఠీ మాట్లాడినారు, ఇంటిపేర్లు కూడా ఆ ఊళ్ళవే. హీబ్రూ మాట మరచిపోయినా శనివారం మాత్రం గానుగ కట్టలేదు. అందుకే ఊరివారు 'శనివార్ తేలీ' లన్నారు. వారానికొక దినం కూలి వదులుకొనుట పేదవానికి ఎంత కష్టమో మగ్గం మీద బ్రతికేవారికి చెప్పనక్కరలేదు. మందిరం లేని రోజుల్లో వారిని నిలిపినది ఆ శనివారమే.

ఉత్సవాల మాటకు వస్తే కొచ్చిన్ పరదేశీ మందిరానిది పెద్దది. 1568 నాటి ఆ మందిరానికి 1968లో నాలుగు వందల యేండ్ల పండుగ చేసినారు. ప్రధాని ఇందిరాగాంధీ వచ్చినారు, తపాలా బిళ్ళ వేసినారు. అయితే యూదుల సామూహిక ప్రార్థనకు పదిమంది పురుషులు ఉండి తీరాలని నియమం. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన తరువాత కుటుంబాలు అటు తరలిపోయినవి. గోడలు, గాజు దీపాలు, చీనా పెంకులు చక్కగానే ఉన్నవి; ఆ పదిమంది కోసం యాత్రకు వచ్చిన యూదుల వైపు చూడవలసి వచ్చినది.

మన భవానీ పేఠలో, సాఖర్ పేఠలో అంత దుస్థితి లేదు. నూలి పున్నమినాడు మార్కండేయస్వామి రథం వెంట నడిచేవారికి కొదువ లేదు. కాని ఇంట తెలుగు మాట్లాడే పిల్లలలో ఈ పత్రిక చదవగలవారు ఎందరు? పెండ్లి పత్రికలు కూడా మరాఠీలోనే అచ్చవుతున్నవి. మేము దానిని తప్పుపట్టము, బడి భాష అది.

ఆదివారం సాయంకాలం మన సంఘం నడిపే తెలుగు తరగతికి కిందటి వారం ఏడుగురు వచ్చినారు. వాచకాలు మేమే ఇస్తున్నాము. పిల్లలను పంపవలసినదిగా తల్లులను ప్రత్యేకంగా కోరుచున్నాము.