దుర్వార్తల వారము

2022వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీ సోమవారమున, ఆత్మకూరు శాసనసభ్యులును రాష్ట్ర పరిశ్రమల శాఖామంత్రియు నగు మేకపాటి గౌతమ్‌రెడ్డిగారు హైదరాబాదులో గుండెపోటుచే హఠాత్తుగా మరణించిరి. వారి వయస్సు 50 సంవత్సరములే. బుధవారమున ఉదయగిరిలో అంత్యక్రియలు జరిగెను. ఈ సీమవారి కన్నీరు ఆరకమునుపే, గురువారమున రష్యా సేనలు ఉక్రెయిన్‌పై దండెత్తెను. అచ్చట వైద్యవిద్య నభ్యసించు తెలుగు బిడ్డలు నేలమాళిగలలో తలదాచుకొనిరని విని తలిదండ్రులు తల్లడిల్లిరి.

ఆ వారమున మేము పాఠమే చెప్పితిమి. ఒక బాలుడు పుస్తకము చాటున కన్నీరు తుడుచుకొనుచుండగా చూచియు చూడనట్లుంటిమి. అది మా తప్పు. లాజరు సమాధిచెంత ప్రభువే కన్నీరు విడిచెను గదా! ఏడ్పు పిరికితనము కాదు.

అయినను ఒకే దృశ్యమును టెలివిజనులో పదిమారులు చూచుట దుఃఖించుట కాదు, పుండును కెలకుట. అందువలన భయము పెరుగునే గాని ఎరుక పెరుగదు. వార్తలకు ఉదయమొకమారు, సాయంకాలమొకమారు చాలును. ఫోనులో వచ్చిన మాటను నిజమరయక ఇతరులకు పంపకుడు; అది ఒక తల్లి గుండె పగులగొట్టవచ్చును.

తలిదండ్రులారా, పిల్లలు ప్రశ్నించినపుడు కసరకుడు. తెలిసినది చెప్పుడు, తెలియనిది తెలియదనుడు. వారి భోజనము, ఆట, నిద్ర వేళ తప్పనీయకుడు.

విద్యార్థులారా, దూరపు యుద్ధమును మీ రాపజాలరు. కాని దుఃఖములో నున్న పొరుగింటికి బిందెడు నీళ్లు మోసికొని పోగలరు. మాట తోచకున్నను కొంతసేపు వారిచెంత కూర్చుండగలరు. ఆ చిన్నపని వారికెంత ఊరటయో, మీ మనస్సునకును అంత ఊరట.