ఇల్లు అమ్మినా అవ్వ మల్లె మనదే

పాపారపట్టి ఇంటి పంపకాల్లో బీరువా, ఇత్తడి బిందెలు, ఆఖరికి రుబ్బురోలు కూడా ఎవరికని రాసుకున్నాము. పెరటి గురించి ఒక్క ముక్క లేదు. స్థలంతో పాటు చెట్లూ కొనేవాళ్ళవే కదా అన్నారు చిన్నాయన. నిజమే. అయితే రిజిస్ట్రేషన్‌కు ముందు కొమ్మలు తెచ్చుకోవడానికి అడ్డేముంది? తెచ్చుకునే తీరాలని మా వాదన.

మల్లెచెట్టు నర్సరీలో దొరకదా అంటారు. దొరుకుతుంది, అవ్వ మల్లె మాత్రం దొరకదు. గింజ నుండి మొలిచేది బిడ్డ. కొమ్మ నుండి వచ్చేది అదే చెట్టు. తీగను నేలకు వంచి మట్టి కప్పి, మూడు నాలుగు నెలలకు వేళ్ళు పట్టాక తెంచి తెస్తే, బెంగళూరు బాల్కనీలో పూసేదీ అవ్వ నీళ్ళు పోసి పెంచిన ఆ మల్లే. మాట వరసకు అనడం లేదు. ఢిల్లీ కనకాంబరానికైతే గింజే పట్టదు, కొమ్మ నాటకపోతే అంతటితో సరి. కరివేపాకుతో బాధ లేదు, వేరు పక్కన పిలకలు వేస్తూనే ఉంటుంది.

1925 జులై 23న పాపారపట్టిలోనే కన్నుమూసిన సుబ్రమణ్య శివకు ఊళ్ళో స్మారకం ఉంది. ఉండాల్సిందే. మన అవ్వలకు ఎవరు కడతారు? కదిరి దగ్గర తిమ్మమ్మ పేరు నిలబెట్టింది ఒక మర్రిమాను. సహగమనం కథ మాకు రుచించదు, అది వేరే సంగతి. ఊడ మీద ఊడ దించుకుంటూ ఎకరాలకు ఎకరాలు పాకిన ఆ చెట్టు 1989లో గిన్నిస్ బుక్కుకీ ఎక్కింది.

మాకు ఇంకో స్వార్థమూ ఉంది. మేము చదివింది కన్నడ మీడియం. బళ్ళో దాసవాళ, పాపారపట్టి వీధిలో సెంబరుత్తి, అవ్వ నోట మందారం. బళ్ళో నందిబట్టలు, పెరట్లో నందివర్ధనం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్న మాకు, తెలుగు మాటలు ముందు దొరికింది ఆ పాదుల దగ్గరే. ఇప్పుడు పిల్లలకు ఆ పేర్లు కాగితం మీద రాసిస్తే ఏం గుర్తుంటాయి? పువ్వు చేతిలో ఉండాలి.

ఒక్క కుండీలో పెట్టి నిశ్చింతగా ఉండకండి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ బుద్ధి మాది, ఒకే కాపీని నమ్మదు. పెద్దమ్మకొకటి, చిన్నాయనకొకటి, పాపారపట్టిలో పక్కింటికొకటి ఇవ్వండి.

తల్లి చెట్టును మాత్రం పెళ్ళగించి లారీ ఎక్కించవద్దు. ముదురు మొదలు అంత కుదుపు తట్టుకోవడం కష్టం. దాన్ని ఇల్లు కొన్నవాళ్ళకే వదిలేసి, నవంబరు చివర్లో కత్తిరించమని చెప్పి రండి. వేసవికి విరగబూస్తుంది.