బూట్ మెనూ దారి డబ్బా మీదే రాయాలి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కు సరిపడక సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పల పాలు కావచ్చని కెనాలిస్ సంస్థ 2023లోనే అంచనా వేసింది. బెర్లిన్‌లో కార్యాలయమున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ కేడీఈ, మరికొన్ని సంస్థలు కలిసి ‘ఎండ్ ఆఫ్ 10’ పేరిట ప్రచారం మొదలుపెట్టాయి. పాత ల్యాప్‌టాప్ పారేయకండి, లినక్స్ వేసుకోండి, చేతకాకపోతే దగ్గర్లోని రిపేర్ కేఫేకు పట్టుకెళ్లండి అన్నది వాటి పిలుపు. లినక్స్ ఉచితం, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడమూ తేలికే. కొత్తవాళ్లు చతికిలబడేది ఆ తర్వాతి మెట్టు దగ్గర. ఆన్ చేయగానే హార్డ్ డిస్క్ జోలికి పోకుండా ముందు పెన్‌డ్రైవ్ చూడమని ల్యాప్‌టాప్‌కు చెప్పాలి. ఆ మాట చెప్పే చోటే బూట్ మెనూ. డెల్ అయితే ఎఫ్12 నొక్కాలి. హెచ్‌పీలో ముందు ఎస్కేప్, తర్వాత ఎఫ్9. ఏసర్‌లోనూ ఎఫ్12 అనే అంటారు గానీ చాలా మోడళ్లలో అది ఆపేసి వస్తుంది. ఎఫ్2తో సెట్టింగుల్లోకి దూరి, ముందు దాన్ని ఆన్ చేసుకోవాలి. కొన్ని లెనోవోలకు అంచున సన్నటి రంధ్రం ఉంటుంది, అందులోకి పిన్ను గుచ్చితే మెనూ వస్తుంది. పైవరస మీటలు మామూలుగా వాల్యూమ్, వెలుతురు పనులు చేసే ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీట కూడా కలిపి నొక్కాల్సి రావచ్చు. డబ్బు పెట్టి కొన్నవాడు ఇదంతా ఎవర్నో అడిగి తెలుసుకోవాల్సి రావడం అన్యాయం. ఈ దారి ప్రతి ల్యాప్‌టాప్ డబ్బా మీదా అచ్చయి ఉండాలి, యజమానికి ఎప్పుడూ తెరిచి ఉండాలి, ఆ మాట చట్టం చెప్పాలి.

దారి ఇంత మరుగున పడటానికి ఒక కారణం వేగం. పాత బయోస్ కంప్యూటర్ నింపాదిగా లేచేది, ఏ మీట నొక్కాలో తెర మీద చూపేది. 2012లో విండోస్ 8 వచ్చేసరికి బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్, ఎస్ఎస్‌డీలు కలిసి ఆ వ్యవధిని మింగేశాయి. కొన్ని యంత్రాల్లో ఎఫ్2, ఎఫ్8 లాంటి మీట నొక్కడానికి దొరికే సమయం 200 మిల్లీసెకన్లకన్నా తక్కువని మైక్రోసాఫ్టే అప్పట్లో ప్రకటించింది. మనిషి వేలికి అందే వ్యవధి కాదది. అందుకని విండోస్‌లోంచే మరో దారి పెట్టారు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే నీలం తెర వస్తుంది, అక్కణ్నుంచి యూఈఎఫ్ఐ సెట్టింగుల్లోకి వెళ్లొచ్చు. ఈసారి లేవగానే సెట్టింగులు చూపించమని ఆపరేటింగ్ సిస్టమ్ ఫర్మ్‌వేర్‌కు ఒక గుర్తు వదిలి వెళ్తుందన్నమాట. లినక్స్‌లోనూ సిస్టమ్‌డీకి ఒక్క ఆదేశమిస్తే అదే పని జరుగుతుంది. మంచి ఏర్పాటే, కాదనను. కానీ డిస్క్ పాడైన రోజున, సిస్టమే లేని ల్యాప్‌టాప్ చేతికొచ్చిన రోజున ఈ దారి ఉండదు. అవసరం పడేది సరిగ్గా అలాంటి రోజుల్లోనే.

రెండో కారణం సెక్యూర్ బూట్. నమ్మకమైన సంతకమున్న ప్రోగ్రామునే లేవనిచ్చే కాపలా అది. ఆ సంతకాల్లో ప్రధానమైనవి మైక్రోసాఫ్ట్‌వి. విండోస్ 8 కాలంలో మామూలు పీసీల్లో యజమాని దాన్ని ఆపుకునే వీలుండాలని మైక్రోసాఫ్ట్ తయారీదారులకు షరతు పెట్టింది. ఏఆర్ఎం చిప్పుల విండోస్ ఆర్‌టీ పరికరాల్లో మాత్రం ఆ వీలే వద్దంది. 2015లో విండోస్ 10తో పీసీల షరతు కూడా సడలించి తయారీదారు ఇష్టానికి వదిలేసింది. అప్పట్నుంచి యజమానికి ఆ స్వేచ్ఛ ఉందంటే కంపెనీ దయ వల్లే. ఈ ప్రమాదాన్ని జర్మన్ ప్రభుత్వం ముందే పసిగట్టింది. ట్రస్టెడ్ కంప్యూటింగ్, సెక్యూర్ బూట్‌లపై 2012లోనే ఒక విధాన పత్రం వెలువరించింది. పరికరం మీద పూర్తి అదుపు యజమానిదేనని, దాన్ని మరొకరికి అప్పగించాలంటే అన్నీ తెలిసి ఒప్పుకోవాలని, ఒకసారి ఆన్ చేసినా తర్వాత ఆపుకునే వీలుండాలని అందులో ఉంది. బెర్లిన్‌లో కార్యాలయమున్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ యూరప్ దాన్ని ఆహ్వానించింది. అయితే అది చట్టం కాదు, ప్రభుత్వ అభిప్రాయం మాత్రమే. మూడేళ్లకే షరతు సడలిందంటే అభిప్రాయానికీ చట్టానికీ ఉన్న తేడా తెలుస్తూనే ఉంది.

సెక్యూర్ బూట్ ఆపుకునే తలుపు తెరిస్తే దొంగ ప్రోగ్రాములూ దూరతాయని భద్రతా నిపుణులు అంటారు. వారి భయం ఊహ కాదు. 2018లో బయటపడ్డ లోజాక్స్ అనే దొంగ ప్రోగ్రాము ఫర్మ్‌వేర్‌లోనే కాపురం పెట్టింది. హార్డ్ డిస్క్ మార్చినా వదిలేది కాదు. అయితే 2023లో వెలుగు చూసిన బ్లాక్‌లోటస్‌ను గమనించండి. అది సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న యంత్రాల్లోకి కూడా చొరబడింది, అదీ మైక్రోసాఫ్ట్ సంతకమున్న పాత, లోపభూయిష్ఠమైన బూట్ ఫైళ్లను ఆసరా చేసుకుని. యజమానిని బయట నిలబెట్టినంత మాత్రాన భద్రత రాలేదు. లోపమున్న ఫైళ్ల సంతకాలను రద్దు చేయడం, ఫర్మ్‌వేర్‌ను ఎప్పటికప్పుడు సరిచేయడం దానికి మందు. ఆ సంతకాలను సరిచూసే 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లయితే 2026 జూన్‌తో మొదలుపెట్టి అక్టోబరు దాకా ఒక్కొక్కటే గడువు తీరేవి. పాత యంత్రాల్లో కొన్నిటికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా అవసరం పడొచ్చు. అంటే తన ఫర్మ్‌వేర్ గురించి యజమానికి ఎంత తెలిస్తే భద్రతకు అంత మేలు. నేను కాపలా వద్దనడం లేదు, సెక్యూర్ బూట్ ఆన్‌లోనే ఉండనివ్వండి. సెట్టింగులకు పాస్‌వర్డ్ యజమాని పెట్టుకోనివ్వండి, డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసుకోనివ్వండి. ఆపే అధికారం కూడా అతని దగ్గరే ఉండనివ్వండి.

తెలియనివాళ్లు కెలికి పాడుచేసుకుంటారన్న మాటా వినిపిస్తుంది. ఇక్కడ రెండు విషయాలు కలగలుపుతున్నారు. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే అది ఆ ఒక్కసారికే. మళ్లీ రీస్టార్ట్ చేస్తే ఎప్పటిలాగే లేస్తుంది. ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో మార్పు మాత్రం నిలిచిపోతుంది. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ ఆపితే తర్వాత నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది దగ్గర లేకపోతే డేటా చేజారే ప్రమాదం ఉంది. అపాయం ఉంది కాబట్టే దారి దాచకూడదు. డబ్బా మీద మీట పేరుతో పాటు ఈ హెచ్చరిక కూడా రెండు వాక్యాల్లో రాస్తే సరిపోతుంది.

మన దగ్గర ఇది ఇంకా పెద్ద సమస్య. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల కంపెనీలు వదిలించుకున్న ల్యాప్‌టాప్‌లు కొనేది ఎక్కువగా విద్యార్థులు, చిరుద్యోగులు. పాత కంపెనీ పెట్టిన బయోస్ పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతే, ఆ ల్యాప్‌టాప్ వాళ్లది అయ్యీ కానట్టే. దొంగతనం నుంచి కాపాడేది ఆ పాస్‌వర్డే కదా అంటారు. నిజమే. కానీ పాత బండి అమ్మినవాడు ఆర్‌సీ కాగితాలు చేతికివ్వకపోతే ఊరుకుంటామా? అమ్మే సంస్థ పాస్‌వర్డ్ తీసేసి, తీసేసినట్టు బిల్లు మీద రాసివ్వాలి.

చట్టంతో ఇది అసాధ్యమనేవారికి జర్మనీయే సమాధానం. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రూటరే వాడాలన్న బలవంతాన్ని అక్కడ 2016 ఆగస్టు 1 నుంచి చట్టమే తొలగించింది. నెట్‌వర్క్ కూలిపోతుందని కంపెనీలు బెదిరించినా ఏమీ కూలలేదు. మరమ్మతు ఖర్చులో సగం, గరిష్ఠంగా 200 యూరోల దాకా తిరిగిచ్చే బోనస్‌ను బెర్లిన్ నగర ప్రభుత్వం 2024లో ప్రవేశపెట్టింది. అదే ఏడాది ఐరోపా సమాఖ్య తెచ్చిన మరమ్మతు హక్కు ఆదేశంలో వాషింగ్ మెషీన్లు, ఫోన్లు, టాబ్లెట్లు ఉన్నాయి, ల్యాప్‌టాప్‌లు మాత్రం లేవు. ఆ లోటు మనం ముందుగా పూడ్చవచ్చు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మొబైల్, ఎలక్ట్రానిక్ వస్తువులకు మరమ్మతు సూచీ రూపొందించేందుకు 2024లో కమిటీ వేసింది. ఆ సూచీని ల్యాప్‌టాప్‌లకూ వర్తింపజేసి, బూట్ మెనూ మీట డబ్బా మీద అచ్చు వేయని కంపెనీకీ, సెక్యూర్ బూట్ ఆపుకునే వీలివ్వని కంపెనీకీ మార్కులు కోయాలి. ఈలోగా ల్యాప్‌టాప్ కొనబోయేవారు దుకాణంలోనే బూట్ మెనూ తెరిపించి చూడండి. పాతదైతే సెట్టింగుల్లోకి వెళ్లి పాస్‌వర్డ్ లేదని కళ్లారా చూశాకే డబ్బులు చెల్లించండి.