వంటింటి కత్తికి వయోనిబంధన

కూరగాయ తరిగినంతసేపు కత్తి పనిముట్టు. కోపంతో వణికే చేతికి అందిన మరుక్షణం అదే ఆయుధం. ఇనుము మారలేదు, పదును మారలేదు. పట్టిన చేయి మారినది. అందుచేతనే కత్తి అమ్మకం తక్కిన సరుకుల అమ్మకం వంటిది కాదని లోకం ఏనాడో గ్రహించినది. బియ్యం అమ్మేవాడు బియ్యం మంచివో కావో చెప్పగలిగితే చాలును. కత్తి అమ్మేవాడు మాత్రం సరుకుతోపాటు కొనవచ్చిన మనిషిని కూడా ఒకసారి తేరిపార చూడవలసి ఉంటుంది. ఆ చూపు ఈనాడు అంగళ్ళనుండి క్రమంగా మాయమవుతున్నది. దాని స్థానంలో చట్టం ఏమి నిలపగలదు, ఏమి నిలపలేదు అన్నది విచారించదగిన అంశం.

సంతలో కమ్మరి ముందు కత్తులూ కొడవళ్ళూ పరచి ఉండేవి. కొనవచ్చిన ఇల్లాలు కత్తిని చేతిలోకి తీసుకొని బరువు చూచేది. పిడి కదులుతున్నదేమో ఆడించి చూచేది. అలుగు మీద బొటనవేలు అడ్డంగా రాచి పదును తెలుసుకొనేది. ఇది కొనేవారు సరుకుకు పెట్టే పరీక్ష. అదే సమయంలో అమ్మేవాడు పెట్టే పరీక్ష మరొకటి ఉండేది. పదమూడేళ్ళ కుర్రవాడు ఒంటరిగా వచ్చి పొడవాటి కత్తి చూపించమంటే, "ఎవరి అబ్బాయివిరా? మీ నాన్న ఏడీ?" అని అడగకుండా కమ్మరి దానిని చేతికి ఇచ్చేవాడు కాడు. ఆ ప్రశ్నను ఏ శాసనమూ నిర్దేశించలేదు. ఊరిలో ఒకరినొకరు ఎరిగి ఉండటమే అక్కడి శాసనం. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గాని, ఒకే అంగడిలో ఈ రెండు పరీక్షలూ చక్కగా ఇమిడి ఉండేవి.

ఆన్‌లైన్ అంగడిలో రెండూ ఒక్కసారే పోయినవి. కొనేవానికి కనబడేది కత్తి కాదు, కత్తి బొమ్మ. అమ్మేవానికి కనబడేది మనిషి కాదు; ఒక పేరు, ఒక చిరునామా, చెల్లిన సొమ్ము. సౌకర్యం పెద్దదే, కాదనరాదు. చిన్న పట్టణంలో ఉన్నవారికి కూడా దేశాంతరపు మేలైన కత్తి ఇంటి గుమ్మంలోకి వస్తున్నది. అయితే పోయిన రెండు పరీక్షలకూ బదులు ఏదో ఒకటి ఏర్పడకపోతే ఆ సౌకర్యానికి మూల్యం ఎవరో ఒకరు చెల్లించవలసి వస్తుంది.

మొదటి పరీక్షకు బదులు కొనేవారి తెలివిడి ఒక్కటే. బొమ్మలోని తళుకు ఉక్కు గుణాన్ని చెప్పదు. తుప్పు పట్టని ఉక్కు అనిపించుకోవాలంటే అందులో క్రోమియం నూటికి కనీసం 10.5 పాళ్ళు ఉండవలెను. ఇటువంటి ఉక్కును 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రేర్లీ రూపొందించినాడు. కత్తుల తయారీకి ఆ నగరం అప్పటికే శతాబ్దాలుగా పేరు మోసి ఉన్నది. క్రోమియం కలపని కార్బను ఉక్కు చక్కని పదును పట్టుతుంది గాని, తడి తుడవకపోతే తుప్పు పడుతుంది. అలుగు లోహం పిడి చివరిదాకా సాగి ఉన్నదా, లేక కొద్దిగా దూర్చి వదిలినారా అన్నది వివరాలలో వెదకి చూడవలెను. పైపైన దూర్చిన కత్తి గుమ్మడికాయ మీద బలం పెట్టిననాడు పిడినుండి ఊడివచ్చే ప్రమాదం ఉన్నది. పదునులేని కత్తి క్షేమమని చాలామంది నమ్ముతారు. నిజానికి మొండికత్తికే ఎక్కువ బలం కావలెను. బలం ఎక్కువైనచోట కత్తి జారుతుంది. జారిన కత్తి వేలిని వెదుకుతుంది. కనుక మంచి కత్తి కొనటం విలాసం కాదు, వేళ్ళ రక్షణ.

ఈ శ్రద్ధ తెలుగువారికి కొత్తది కాదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో కరగించి తీసిన ఉక్కు పూర్వం పారశీక దేశానికి ఎగుమతి అయ్యేది. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో కూడా ఇస్ఫహాను వర్తకుడు అంతదూరం వచ్చి, తయారీ దగ్గర నిలబడి చూచి కొనుక్కొన్నట్లు ఆనాటి ఆంగ్లేయుల వ్రాతలవల్ల తెలుస్తున్నది. చూడకుండా ఉక్కు కొనరాదని అతనికి తెలుసును. చూడకుండానే కొనే రోజులలో, చూడవలసిన సంగతులు ఏవో ముందుగా తెలిసి ఉండటం మరింత అవసరం.

రెండవ పరీక్షకు బదులు వెదికే భారం బ్రిటనులో చట్టం మీద పడినది. అక్కడ 1996 నాటి చట్టం 16 ఏళ్ళలోపువారికి కత్తి అమ్మరాదన్నది. 2006లో చేసిన మరొక చట్టం ఆ వయస్సును 18కి పెంచినది. మూడంగుళాలకు మించని మడతకత్తికి మినహాయింపు ఉన్నది గాని, ఇంగ్లండులో వంటింటి కత్తికి లేదు. ఆన్‌లైన్ అమ్మకాలు పెరిగిన తరువాత 2019లో ఇంకొక చట్టం చేసి, అందులోని నిబంధనలను 2022 ఏప్రిల్ 6నుండి ఇంగ్లండు, వేల్సులలో అమలులోకి తెచ్చినారు. వాటి సారం ఇది: దూరంనుండి అమ్మేవాడు కొనేవారి వయస్సు తెలుసుకొనే ఏర్పాటు కలిగి ఉండవలెను, పొట్లంలో అలుగు ఉన్నదనీ, 18 నిండినవారికే ఇవ్వవలెననీ పైన స్పష్టంగా వ్రాయవలెను, దానిని గుమ్మంలో వదిలిపోక, వయస్సు నిండినవారి చేతికే అందించవలెను. ఈ జాగ్రత్తలు తీసుకొన్నానని చూపలేని అమ్మకందారు నేరంనుండి తప్పించుకోలేడు. సంతలో కమ్మరి అడిగిన ప్రశ్నను చట్టభాషలోకి మార్చితే ఇదే అవుతుంది.

అదే రాజ్యంలో స్కాట్లండు కొంత వేరు దారి పట్టినది. అక్కడ 16, 17 ఏళ్ళవారు ఇంటి వాడకపు కత్తులు కొనుక్కోవచ్చును. తక్కిన కత్తులకే 18 ఏళ్ళ నియమం. ఈ తేడాలో వివేకం లేకపోలేదు. పదహారేళ్ళకే ఇల్లు విడిచి స్వతంత్రంగా బ్రతకవలసి వచ్చిన పిల్ల ఉల్లిపాయ తరగటానికి ఎవరి అనుమతి అడగవలెను? వంట నేర్వవలసిన వయస్సునూ, కత్తి పట్టరాని వయస్సునూ ఒకే గీతతో కొలవటం కష్టం. చట్టం గీసే గీత ఎక్కడో ఒకచోట పడక తప్పదు. పడినచోటల్లా అది కొందరు నిర్దోషులను తాకకా తప్పదు.

అయితే నియమం ఉండటం వేరు, అది పనిచేయటం వేరు. 2022 జూన్‌లో వుల్వర్‌హాంప్టనులో రోనన్ అనే 16 ఏళ్ళ బాలుడు హతుడైనాడు. హంతకులలో ఒకడు తన తల్లి గుర్తింపుపత్రాన్ని వాడుకొని ఆన్‌లైన్‌లో ఆయుధాలు కొన్నాడు. పరీక్ష కాగితానికి జరిగినది, మనిషికి జరగలేదు. 2024 జూలై 29న సౌత్‌పోర్టులో నృత్యపాఠానికి వచ్చిన పిల్లలమీద దాడి జరిగి ముగ్గురు బాలికలు మరణించినారు. హంతకునికి అప్పటికి 17 ఏళ్ళు. అతడు వాడినది వంటింటి కత్తి, ఆన్‌లైన్‌లో కొన్నది. చట్టం పుస్తకంలో ఉండగానే ఈ ఘోరం జరిగినది. తరువాత 2025 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం 'రోనన్ చట్టం' పేరిట రెండంచెల పరీక్షను ప్రతిపాదించినది: కొనేటప్పుడు ఛాయాచిత్రమున్న గుర్తింపుపత్రం చూపవలెను, అందుకొనేటప్పుడు మరల చూపవలెను, కొన్నవారి చేతికే వస్తువు చేరవలెను, పిల్లలకు అమ్మినవానికి గరిష్ఠ శిక్ష ఆరు నెలలనుండి రెండేళ్ళకు పెరగవలెను.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవస్తుంది. ప్రతి వంటింటిలోనూ నాలుగు కత్తులు ఉండగా, అంగడిలో ఐదవదానికి కావలి ఎందుకు? దుర్బుద్ధి పుట్టినవాడు ఇంట్లో కత్తినే తీసుకొనిపోడా? ఈ ప్రశ్న బలమైనదే. కాని అది ఒక భేదాన్ని విస్మరిస్తున్నది. ఇంటి కత్తికి సాక్షులున్నారు. ఉదయం కూర తరిగిన కత్తి సాయంత్రం కనబడకపోతే ఆ ఇంటి ఇల్లాలికి తెలుస్తుంది, "కత్తి ఏమైనది?" అన్న మాట ఇంట్లో పుడుతుంది. రహస్యంగా తెప్పించుకొన్న కత్తి లేకపోయినా ఎవరూ వెదకరు. అది ఉన్నదనే ఎవరికీ తెలియదు. వయోనిబంధన ప్రపంచంలోని కత్తులన్నింటికీ తాళం వేయలేదు. సాక్షి లేని కత్తి బాలుని చేతికి చేరే దారిని అది ఇరుకు చేస్తుంది. ఆ మాత్రం కూడా అల్పం కాదు.

మరికొందరు వయస్సునుండి దృష్టి మరల్చి కత్తి రూపాన్నే మార్చమన్నారు. వంటపనికి పొడవైన కత్తి కొస వాడిగా ఉండనవసరం లేదనీ, అటువంటి కత్తుల అమ్మకాన్ని నిషేధించవలెననీ 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ముగ్గురు వైద్యులు వాదించినారు. గాయాలను కుట్టే చేతులు చెప్పిన మాట కనుక అది వినదగినది. తెలుగు వంటింటికి ఈ ఊహ మరీ వింతగా తోచదు. కొన్ని సీమలలో ఈలకత్తి అనే మన కత్తిపీటలో అలుగు పీటకు బిగిసి ఉంటుంది. కత్తి కదలదు, కాయ కదులుతుంది. దానిముందు కూర్చుని తరగవలసినదే గాని, నడుమున దోపుకొని వీధిలోకి పోవటానికి వీలులేదు. ఎవరూ నేరనివారణకై దానిని చేయలేదు. నేలమీద కూర్చుని చేసే వంటకు అది తగిన రూపం. వంటగట్టు ఎత్తు పెరిగిన కొద్దీ కత్తిపీట అటకెక్కినది, పిడికత్తి చేతికి వచ్చినది. రూపం మారినప్పుడు జాగ్రత్త కూడా మారవలసి ఉన్నదని గమనించినవారు తక్కువ.

మన దేశంలో ఈ విషయమై చట్టం దాదాపు మౌనంగా ఉన్నది. 1959 నాటి ఆయుధ చట్టం ఆయుధమంటే ఏమిటో నిర్వచిస్తూ, కేవలం గృహావసరాలకో వ్యవసాయానికో ఉద్దేశించిన వస్తువులను ఆ నిర్వచనంనుండి తప్పించినది. రైతు కొడవలినీ ఇల్లాలి కత్తినీ నేరస్థుని పనిముట్లుగా చూడకపోవటం న్యాయమే. కాని ఆ చట్టం చేసిననాడు కత్తి కొనాలంటే అంగడికి పోవలసి ఉండేది. ఈనాడు హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాలలో కూరగాయలు తెచ్చే సంచీలోనే, నిమిషాలమీద, కత్తి కూడా ఇంటికి వస్తున్నది. కొన్నది ఎవరో, అందుకొన్నది ఎవరో అడిగేవారు అరుదు. పొట్లాన్ని వాచ్‌మన్ దగ్గర పెట్టి పోవటం, తలుపు తీసిన పిల్లవాని చేతికి ఇవ్వటం ఎవరికీ తప్పుగా తోచటంలేదు.

బ్రిటను నియమాలన్నింటినీ తెచ్చి ఇక్కడ అతికించవలెనని దీని అర్థం కాదు. పన్నెండేళ్ళ పిల్ల అమ్మకు సాయంగా బెండకాయలు తరిగే దేశంలో కత్తిని నిషిద్ధవస్తువుగా చూడటం తగదు. అయితే రెండు సంగతులు ఖర్చులేనివి, కష్టంలేనివి. కత్తి ఉన్న పొట్లం మీద ఆ మాట స్పష్టంగా వ్రాసి ఉండవలెను. దానిని ఇంట్లో పెద్దవారి చేతికే అందించవలెను. ఇందుకు పెద్ద యంత్రాంగం అక్కరలేదు. తెచ్చినవాడు అరనిమిషం ఆగి, "పెద్దవాళ్ళున్నారా?" అని అడిగితే చాలును. చదువుకై ఇంగ్లండు వెళ్ళిన తెలుగు విద్యార్థిని, కూరగాయల కత్తి తెప్పించుకొన్ననాడు వయస్సుకు ఋజువు చూపమంటే చిన్నబుచ్చుకోవచ్చును. ఆ ప్రశ్న ఆమెను అనుమానించి అడిగినది కాదు. తన తరువాత ఆ తలుపు తీయబోయే పదిహేనేళ్ళవానిని తలచుకొని అడిగినది.

మిగిలిన పని చట్టానిది కాదు. వేళ్ళు లోపలికి మడిచి కాయ పట్టుకోవటం, కత్తి ఇతరులకు ఇచ్చేటప్పుడు పిడి వారివైపు ఉంచటం, పని ముగియగానే కడిగి తుడిచి దాని చోట దానిని పెట్టటం, వీటిని పెద్దవారు పక్కన నిలబడి నేర్పవలెను; ఆడపిల్లకే కాదు, మగపిల్లవానికి కూడా. తరగటం నేర్చిన చేయి కత్తి బరువు ఎరుగును, దానివల్ల కలిగే గాయం ఎంతటిదో ఎరుగును. గుమ్మం దగ్గర వయస్సు అడిగే పని చట్టం చేయగలదు. గుమ్మం దాటి లోపలికి వచ్చిన కత్తిని ఏ చేయి ఎలా పట్టుతున్నదో చూచే పని ఇంటివారిది. దానిని వారికి బదులుగా చేయగల అంగడి గాని, శాసనం గాని లేదు.