మెచ్చుకోలులోనే మెలిక
పదో తరగతి ఫలితాల రోజున మన ఇళ్లలో మాటలు వినండి. లెక్కల్లో మంచి మార్కులు తెచ్చిన అబ్బాయిది పాదరసం లాంటి బుర్ర. అవే మార్కులు తెచ్చిన అమ్మాయి 'పాపం, రాత్రీ పగలూ కష్టపడింది'. ఆడపిల్లల్ని లెక్కలకు దూరం చేయడంలో తిట్లకన్నా ఈ పొగడ్తదే పెద్ద పాత్ర అని నా నమ్మకం. తిట్టుకు ఎదురు తిరగొచ్చు, మెచ్చుకోలుకు ఎలా తిరగబడతాం? 2017లో 'సైన్స్' పత్రిక ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, మహా తెలివైనవాళ్లు ఎవరంటే ఐదేళ్ల ఆడపిల్లలూ మగపిల్లల్లాగే తమవాళ్లనే చూపించారు; ఆరేళ్లకే వాళ్లలో ఆ ధీమా తగ్గింది. చదువులో ముందుండేది ఆడపిల్లలేనని చెబుతూ కూడా! కష్టంతోనే నెట్టుకొచ్చానని నమ్మిన పిల్ల, ఇంటర్లో ఒక లెక్క తెగకపోతే తన హద్దు ఇంతేననుకుంటుంది. అక్కడే ఆగిన అబ్బాయి, బుర్ర ఉందన్న భరోసాతో మళ్లీ కూర్చుంటాడు.