విదేశీ చదువు: పొలం అమ్మే ముందు లెక్క వేసుకోవాలి

గాజువాక చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లల్ని అమెరికా పంపాలనుకునే తలిదండ్రులు తొలి టర్ము ఫీజు సమకూరితే గట్టెక్కినట్టేనని అనుకోరాదు. మిగతా టర్ములు, అద్దె, తిండి, బీమా వెంటే ఉంటాయి. ఫీజు డాలర్లలో కట్టాలి. 10 వేల డాలర్ల ఫీజు ఉంటే, డాలరు ఒక్క రూపాయి పెరిగినా 10 వేల రూపాయలు అదనపు భారం.

బ్యాంకు రుణం ఉంది కదా అంటారు. విదేశీ చదువుకు సాధారణంగా ఖర్చులో 15 శాతం ఇంటివారే భరించాలి. రుణం 7.5 లక్షలు దాటితే ఆస్తి హామీ అడుగుతారు. సాగుభూమిని హామీగా తీసుకోవడానికి చాలా బ్యాంకులు ఇష్టపడవు. ఊళ్లో అధిక వడ్డీకి అప్పు తేవడం, పొలం అమ్మడం అక్కడే మొదలవుతాయి. చదువు ముగిసేదాకా వాయిదాలు లేకున్నా, వడ్డీ మాత్రం సొమ్ము ఇచ్చిన నాటి నుంచే నడుస్తుంది.

చేరబోయే విశ్వవిద్యాలయం ఎలాంటిదో కూడా విచారించాలి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయాన్ని అమెరికా అధికారులు మూయించినప్పుడు వందలాది తెలుగు విద్యార్థులు వీధిన పడ్డారు. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తగిలించారు.

పిల్లలు పైచదువులకు వెళ్లాల్సిందే. అయితే ఏజెంటు మాట కన్నా ముందు బ్యాంకు మేనేజరు మాట వినాలి. ఉద్యోగం ఏడాది ఆలస్యమైనా వడ్డీ కట్టగలమని లెక్క తేలితేనే ముందుకు అడుగు వేయాలి. చేయి దాటిన పొలం మళ్లీ రాదు.