నోట నిలిచిన పాట

ఏడాది ముగియు వేళ పత్రికలును, రేడియోలును ఆ యేటి మేటి పాటలను ఎంచి ప్రకటించుట పరిపాటి. ఇప్పుడు చేతిలోని ఫోనులే ఆ పని చేయుచున్నవి. ఎవరు ఏ పాటను ఎన్నిమార్లు వినిరో లెక్కగట్టి, ఈ యేట మీకు నచ్చిన పాట ఇది యని చెప్పుచున్నవి. కాని ఈ లెక్కలకు అందని పాట ప్రతివారికిని మరియొకటి ఉండును. స్నానము చేయునప్పుడో, బస్సు కొరకు వేచియున్నప్పుడో, బియ్యము కడుగునప్పుడో అది పిలువకయే వచ్చి నోట నిలుచును. పొమ్మన్నను పోదు. పూర్తిగా నైనను రాదు. పల్లవిలోని రెండు ముక్కలే గానుగయెద్దువలె తిరుగుచుండును. నచ్చిన పాట వేరు, పట్టుకొనిన పాట వేరు. ఈ వారము ఆ రెండవదానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి. విషయము తేలికగా తోచవచ్చును. తెలుగునాటికి వెలుపల తరతరములుగా కాపురముండు మనకు మాత్రము అది తేలికైనది కాదు.

జర్మనులు ఇట్టి పాటను 'చెవిపురుగు' అందురు. అమెరికా హాస్యరచయిత మార్క్ ట్వైన్ 1876లో దీనిపై ఒక కథయే వ్రాసెను. ఒక చిల్లర పద్యము కథకుని పట్టుకొని పనికిని, తిండికిని దూరము చేయును. దానిని తన మిత్రుడైన మతగురువునకు అంటించిన పిదపగాని అతనికి విడుదల కలుగదు. నవ్వించుటకు వ్రాసినదే యైనను అందొక సత్యము కలదు. నోట నిలిచిన పాట ఒకరియొద్ద ఆగదు, పక్కవారికి సంక్రమించును.

నేటి శాస్త్రజ్ఞులును దీనిని పరిశీలించిరి. కెల్లీ జకుబోవ్‌స్కీయు, ఆమె సహచరులును మూడువేలమందిని ప్రశ్నించి 2016లో తమ ఫలితములను ప్రకటించిరి. నడక చురుకుగా నుండి, స్వరముల ఎత్తుపల్లములు చెవికి అలవాటైన తీరున సాగుచు, నడుమ ఒకటి రెండు చోట్ల ఊహింపని గంతులు గల పాటలు త్వరగా పట్టుకొనునని వారు కనుగొనిరి. జనాదరణ పొంది, ఇటీవలి కాలమున మారుమ్రోగిన పాటలనే ఎక్కువమంది పేర్కొనిరనియు తెలిపిరి. ఇంగ్లండులోని రెడింగు విశ్వవిద్యాలయమువారు 2015లో, నోట చూయింగ్ గమ్ నమలుచున్నచో ఈ బాధ కొంత తగ్గునని చెప్పిరి. మన తాంబూలమును గూర్చి వారేమియు చెప్పలేదు.

దీనినిబట్టి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. నోట నిలుచు పాటను మనము ఎన్నుకొనుట లేదు. మన చుట్టునున్న లోకము ఎన్నుకొనుచున్నది. ఏది పదేపదే చెవిని బడునో అదియే నిలుచును. విజయవాడలోనో, వరంగల్లులోనో పెరుగు పిల్లవాని చెవిలో వీధియే తెలుగు పాటను పోయును. యానాము వీధులలోను తెలుగే వినవచ్చును. హోసూరు, కోయంబత్తూరు, బళ్లారి, బరంపురము, షోలాపురములందు పెరుగు మన పిల్లల సంగతి అట్లు కాదు. బడిలో ఒక భాష, అంగడిలో ఒక భాష, ఆటస్థలములో ఒక భాష. ఇందు ఎవరి తప్పును లేదు. ఆ భాషలు మనకు అన్నము పెట్టిన భాషలు. వాని పాటలు మన పిల్లల నోట ఆడుట మనకు సంతోషమే. కాని వీధి చేయని పనిని ఇల్లు చేయవలసియుండునను మాట మనము మరువరాదు.

పాట ఎట్లు బ్రతుకునో మన చరిత్రయే చెప్పుచున్నది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమలలో భద్రపరచిరి. రాగికి చెద పట్టదు. 1922 ప్రాంతమున ఆ రేకులు వెలికివచ్చినప్పుడు వేలకొలది పాటల మాటలు చెక్కుచెదరక దొరికినవి. ప్రతి పాటకును రాగము పేరు కలదు. కాని వానిని పాడిన తీరు రేకులలో లేదు. కంఠములు మూగవోయినందున స్వరములు పోయినవి. మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలము తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు వానికి మరల స్వరములు కూర్పవలసివచ్చెను. మైసూరున తెలుగు చెప్పుకొనుచు బ్రతికిన పండితుడు తిరుపతి పాటలకు గొంతు నిచ్చుట మనకు గర్వకారణము. ఇంకొక వింత చూడుడు. ఆ రేకులు చీకటిలో నుండిన కాలమంతయు, అన్నమయ్యవేయని పెద్దలు చెప్పు చందమామ పాటయు, జోలపాటయు తల్లుల నోట ఆడుచునే యుండినవి. వానికి ఏ రాగిరేకును అక్కరలేకపోయెను. బిడ్డ ఏడ్చిన ప్రతిసారియు ఎవరో ఒకరు పాడిరి, అంతే.

త్యాగరాజస్వామి చరిత్రము మరియొక వైపు చూపును. 1767 మొదలు 1847 వరకు జీవించిన ఆ మహానుభావుడు తిరువారూరున జన్మించి, తిరువయ్యారున కావేరి యొడ్డున తెలుగున పాడెను. ఆయన కృతులను శిష్యులు కంఠస్థము చేసిరి, వ్రాసికొనిరి, తమ శిష్యులకు అప్పగించిరి. వారిలో ముఖ్యుడైన వాలాజాపేట వెంకటరమణ భాగవతారు ఇంటిభాష తెలుగు కాదు, సౌరాష్ట్రము. తిరువయ్యారున స్వామివారి సమాధిమందిరమును తన సొత్తు వెచ్చించి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు కన్నడదేశమున పుట్టినవారు. నేటికిని ఏటేట పుష్య బహుళ పంచమినాడు అచట నూర్లకొలది గాయకులు ఒక్క గొంతుతో పంచరత్నములు పాడుదురు. ఆ అయిదింటిలో ఒకటి సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. పాడువారిలో పెక్కుమందికి తెలుగు మాతృభాష కాదు. తెలుగు పాటను పరులు ఇంత భక్తితో కాపాడిరనుటకు మనము చేతులెత్తి మ్రొక్కవలెను.

అయినను ఇందు మనకొక హెచ్చరికయు కలదు. వినువారికి పాట అర్థము కావలెనని తమిళనాట ఒక ఉద్యమము లేచెను. 1943లో మదరాసున తమిళ ఇసై సంఘము వెలసెను. అప్పుడు కొందరు తెలుగువారు దానిని తమపై దాడిగా భావించిరి. నిదానముగా ఆలోచించిన, అర్థము తెలియని పాట చెవికి చేరును గాని యింటిమాట కాదను ఆ వాదము న్యాయమైనదే. పరులు అర్థము తెలియక పాడిన అది సంగీతప్రియత్వము. మన బిడ్డలే అర్థము తెలియక పాడిన దానినేమనవలెను? పాటల పోటీలలో త్యాగరాజకృతిని తప్పులేక పాడి బహుమతి గొని, ఆ కృతిలో ఆయన రామునితో ఏమి చెప్పుకొనెనో అడిగిన తెల్లమొగము వేయు బాలబాలికలు మన సంఘములలో కొందరు కారు.

సినిమా పాటల సంగతి ఇంకను సూక్ష్మమైనది. 2023 మార్చిలో 'నాటు నాటు' పాటకు ఆస్కారు బహుమతి లభించినప్పుడు మనమందరము పండుగ చేసికొంటిమి. చంద్రబోసుగారి మాటలు, కీరవాణిగారి స్వరము లోకమంతట నోళ్లలో నిలిచినవి. కాని ఆ పాటయే తమిళమున 'నాట్టు కూత్తు', కన్నడమున 'హళ్ళి నాటు', హిందీలో 'నాచో నాచో' అయి వెలువడినది. మన పిల్లలు తమ ఊరి వెండితెరపై చూచునది ఆ రూపమే. పూర్వము తెలుగు సినిమా పొరుగూరికి వచ్చిన తెలుగుగానే వచ్చుచుండెను. ఇప్పుడు పొరుగువాని చొక్కా తొడిగికొని వచ్చుచున్నది. వ్యాపారమునకు అది మేలే. ఫలితము మాత్రము ఇది: తెలుగు స్వరము మన బిడ్డ నోట నిలుచుచున్నది, తెలుగు మాట నిలుచుట లేదు. ఈ యేటి మేటి పాట ఏదియని అడిగిన వాడు తెలుగు పాటనే చెప్పును, వేరొక భాషలో పాడి వినిపించును.

దీనికి ప్రతిక్రియ పెద్ద ధనముతోగాని, పెద్ద చట్టముతోగాని కూడినది కాదు. బడిలో మాతృభాష కొరకు మనము అడుగవలసినదే. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350ఎ అధికరణము ప్రాథమిక విద్యలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపుడని ప్రభుత్వములకు చెప్పుచున్నది. ఆ బోధనకు గది కావలెను, ఉపాధ్యాయుడు కావలెను, పిల్లల సంఖ్య కావలెను. ఇంట పాటకు గొంతొక్కటి చాలును. అక్షరము రాని బిడ్డ నోటను పాట నిలుచును. అక్షరము నేర్వవలెనను కోరికకు పలుమార్లు అదియే మొదటి మెట్టగును.

కావున మా పాఠకులను మూడు పనులు కోరుచున్నాము. సినిమా పాట నచ్చిన బిడ్డకు దాని తెలుగు రూపమును కూడ వినిపింపుడు. ఫోనులో అది ఒక్క నిమిషపు పని. కృతి నేర్చు బిడ్డకు స్వరముతోపాటు పల్లవి అర్థమును చెప్పుడు; మీకు తెలియనిచో తెలిసినవారిని అడుగుడు. మూడవది, ఇంటనున్న అమ్మమ్మను, నాయనమ్మను కూర్చుండబెట్టి దంపుళ్లపాటయో, జోలపాటయో, పెండ్లిపాటయో పాడించి వ్రాసికొనుడు. పర్లాకిమిడిలో గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చి, వారి పాటలను, కథలను శ్రమించి సేకరించిరి. పొరుగువారి పాటకు అంతటి ఆదరము చూపిన వారి వెనుక వచ్చిన మనము, మన వంటయింటి పాటను వ్రాసికొనలేమా?

పాఠకులు ఒక కార్డుపై రెండు పాటల పేర్లు వ్రాసి మా కార్యాలయమునకు పంపవలెను. ఒకటి, ఈ యేట మీ నోట నిలిచి మిమ్ము వదలని పాట. అది ఏ భాషదైనను సరే, సిగ్గుపడనక్కరలేదు. రెండవది, మీ యింటి పెద్దలు పాడగా విన్న తెలుగు పాట. ఉగాది సంచికలో ఆ రెండు పట్టికలను పక్కపక్కన ప్రకటింతుము. మొదటి పట్టిక మన చెవులు ఎచట నున్నవో చెప్పును. రెండవ పట్టికలోని పాటలలో ఎన్నింటిని మన పిల్లలు పాడగలరో ప్రతి కుటుంబమును తన యింట తానే లెక్క చూచుకొనవచ్చును. ఆ లెక్క తక్కువగా తేలినచో విచారించుచు కూర్చుండనక్కరలేదు. ఆ రాత్రియే దీపము ఆర్పుటకు ముందు ఒక పాట పాడుడు. మరునాడు మరల అదే పాట పాడుడు. నాలుగు దినములు గడచునప్పటికి బిడ్డ పిలువకయే పాడును.